వడదెబ్బకు రెండు పేజీలు

పత్రికలకు పేజీలు పెట్టడం నా వృత్తి. కత్తెర, స్కేలు, జిగురు సీసాతో మొదలుపెట్టి కంప్యూటరుతో ముగించాను. ఈ మధ్య ఒక కాలేజీవాళ్లు పిలిచి, డిజైను నేర్చుకునే పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. వెళ్లాను. మీ రోజుల్లో ఏ సాఫ్ట్‌వేరు వాడేవారని అడిగారు. ఏ రంగు కంటికి హాయిగా ఉంటుందని అడిగారు. పర్యావరణం మీద వచ్చే పత్రికకు పేజీ ఎలా ఉండాలని నేను అడిగితే, ఒక అమ్మాయి ఆకుపచ్చ అంచు, మూలన రెండాకుల మొలక ఉన్న నమూనా చూపించింది. చక్కగా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు, ఆ మొలక తప్ప మరేమీ నేర్పనివాళ్ల మీద.

ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. నాకు కప్పిన శాలువాల సంగతి ఇందులో ఉండదు. ఈ పని అసలు ఏమిటో, ఎవరి దగ్గర తెలుసుకున్నానో, అంతే.

చిన్న అక్షరాలు

మాది తెనాలి వైపు. మావారికి హైదరాబాదులో ప్రభుత్వోద్యోగం కావడంతో మూసాపేటలో కిరాయి ఇంట్లో కాపురం పెట్టాం. నేను బాలానగర్‌లో ఒక ప్రెస్సులో చేరాను. సీసాల మీద అంటించే లేబుళ్లు, డబ్బాల అట్టలు అక్కడ అచ్చయ్యేవి.

ఒకసారి పురుగుమందు సీసాకు లేబుల్ తయారు చేయాల్సి వచ్చింది. చేతులకు తొడుగులు వేసుకోవాలని, గాలికి ఎదురుగా కొట్టకూడదని, కళ్లలో పడితే ఏం చేయాలని హెచ్చరికలు ఉన్నాయి. వాటిని స్పష్టంగా కనబడేలా పెట్టాను. మా యజమాని చూసి పెదవి విరిచాడు.

"పత్తిపువ్వు బొమ్మ పెంచమ్మా. కింద ఉన్నదంతా సన్నం చెయ్యి."

"మరీ సన్నం చేస్తే రైతు చదవలేడండీ."

"హెచ్చరిక ఉండాలంది చట్టం. కనబడాలనలేదు కదా!"

తెలివైన మాట అన్నట్టు ఆయన నవ్వాడు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. అక్షరం సైజు అందం కోసం తేల్చే విషయం కాదని నాకు ఆ రోజే తెలిసింది. అది ఎవరి ఒంటి మీదో తేలుతుంది. ఆ ప్రెస్సు నేను ఎక్కువ కాలం భరించలేదు. మూసాపేటలోనే ఒక డీటీపీ సెంటరులో చేరిపోయాను.

ఎండానీడా

తొంభైల చివరి సంవత్సరాలు అవి. శేరిలింగంపల్లి చుట్టూ రోజూ బండలు పేల్చేవారు. కొండంత రాళ్లు పగలగొట్టి, చెట్లు కొట్టేసి, వెడల్పాటి రోడ్లు వేస్తున్నారు. ఆ రోడ్ల పక్కన అద్దాల భవనాలు లేస్తున్నాయి. పేపరు తీస్తే చాలు, కొత్త నగరం, కొత్త యుగం అంటూ ఒకటే ఊదర. ఆ భవనాలు కట్టేవాళ్లు రేకుల గుడిసెల్లో ఉండేవారు. ఎండాకాలం ఆ రేకు కింద పగలు మనిషి నిలవలేడు. పక్క కాలనీల్లో బోర్లు ఎండిపోతుండేవి.

కాలనీలూ బస్తీలూ కలిసి ఒక సంఘం పెట్టుకుని, "ఎండానీడా" అనే మాసపత్రిక మొదలుపెట్టాయి. నీళ్లు, చెట్లు, పొగ, ఎండ, వీటిలో ఎవరికి ఏం దక్కుతోంది, ఎవరు నష్టపోతున్నారు, ఇదీ దాని విషయం. ఇప్పుడు దీన్ని వాతావరణ న్యాయం అంటున్నారు, సదస్సులు పెడుతున్నారు. అప్పుడు ఆ మాట మాలో ఎవరికీ తెలియదు.

సంపాదకుడు ఓబులరెడ్డిగారు, వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన అనంతపురం మనిషి. కరువు అంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. సంఘం అధ్యక్షుడు రాఘవరావుగారు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి పెద్ద ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. బస్తీల వార్తలు రాసేది మల్లేశ్ అనే సర్కారు బడి టీచరు. పేజీలు పెట్టేది నేను.

మొదటి సంచికకు రాఘవరావుగారే ముఖచిత్రం తెచ్చారు. బీటలు వారిన నేల ఫొటో, దాని మీద తెల్లటి అక్షరాల్లో ఒక గేయం. ఈ కాగితం మీద సిరా పాకుతుందండీ, నల్లటి ఫొటోలో తెల్ల అక్షరం మునిగిపోతుందండీ అని చెప్పాను. "కళాత్మకంగా ఉండాలమ్మా" అన్నారు. అచ్చయ్యాక మల్లేశ్‌తో కలిసి పొద్దున్నే లేబర్ అడ్డాకు వెళ్లాను. కూలిపని కోసం జనం వచ్చి నిలబడే కూడలి అది. ఒక తాపీమేస్త్రీ పత్రికను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్, ఇది అచ్చేసిన్రా, మసి పూసిన్రా?"

అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ అడ్డాలోనే ఇంకో సంగతి గమనించాను. చదువొచ్చినవాడు ఒకడు పైకి చదువుతాడు, మిగతావాళ్లు చుట్టూ నిలబడి వింటారు. కూలీలను ఎక్కించుకునే లారీ వస్తే చదవడం ఆపి పరిగెడతాడు. పని దొరక్కపోతే వెనక్కి వచ్చి ఆపినచోటు వెతుక్కుంటాడు. అందుకని తర్వాతి సంచిక నుంచి అక్షరాలు పెద్దవి చేశాను, పేరాలు పొట్టివి చేశాను, మాటను విరిచి కింది వరుసలోకి నెట్టడం మానేశాను. "ఒకటో తరగతి వాచకంలా ఉందండీ" అని రాఘవరావుగారు విసుక్కున్నారు. ఉండనీ అన్నాను.

సాయిలు

మే నెలలో ఒకరోజు మల్లేశ్ ఒకామెను మా సెంటరుకు తీసుకొచ్చాడు. పేరు అంజమ్మ. కళ్లు ఎండిపోయి ఉన్నాయి. ఆమె, ఆమె భర్త సాయిలు ఒకే సైటులో పనిచేసేవారు. అద్దాల భవనం ఒకటి పైకి లేస్తున్న సైటు అది. అతను పైన ఇనుప చువ్వలు కట్టేవాడు, ఈమె కింద సిమెంటు మాలు మోసేది.

స్లాబు పోసే రోజు పని మధ్యలో ఆపరు, ఒకపక్క పోస్తుంటే ఇంకోపక్క చువ్వలు కడుతూనే ఉండాలి. మిట్టమధ్యాహ్నం చువ్వలు కాలిపోతుంటే గోనెగుడ్డ చేతులకు చుట్టుకుని కట్టారట. తాగే నీళ్ల డ్రమ్ము కింద ఎండలో పెట్టారు, అదీ ఖాళీ. సిమెంటు తడపడానికి మాత్రం టాంకరు వచ్చి నిలబడే ఉంది. ఆ టాంకరు నీళ్లు ముట్టుకోనివ్వలేదు. సాయిలు పైనే కూలిపోయాడు. దించి సిమెంటు బస్తాలు పెట్టే రేకుల షెడ్డులో పడుకోబెట్టారు. బయటికంటే వేడి అక్కడ. స్లాబు పూర్తయ్యాకే దవాఖానకు తీసుకుపోయారు, అప్పటికే ప్రాణం పోయింది. అక్కడ సైటు మేస్త్రీ, తాగి పడిపోయాడని చెప్పాడు. దవాఖానవాళ్లు గుండెపోటు అని రాసుకున్నారు.

ఇదంతా చెప్పి అంజమ్మ నా వైపు చూసింది.

"మా ఆయన కల్లు గూడ ముట్టడమ్మా. తాగి సచ్చిండని బస్తీ అంత చెప్పిన్రు. రేపు నా పిల్లలు గదే మాట ఇంటరు. తాగలేదని రాయి. జర పెద్దగ రాయి, అందరికి కనవడాలె."

చీర కొంగులోంచి ఫొటో తీసింది. పెళ్లైన కొత్తలో స్టూడియోలో తీయించుకున్నది. సాయిలు నిటారుగా నిలబడి ఉన్నాడు, వెనక తెర మీద జలపాతం బొమ్మ. చావు వార్తకు ఆ జలపాతం బాగుండదు, మనిషి వరకు కత్తిరిద్దాం అన్నాడు మల్లేశ్.

"వద్దు సార్," అంది అంజమ్మ. "ఆ పర్ద ఆయనే ఏరుకున్నడు. కొండల బొమ్మ ఉండె, మోటరు కారు ఉండె. నాకు నీళ్లే కావాలన్నడు."

జలపాతాన్ని ఉంచేశాను. ఎడమ పేజీ నిండా ఆ ఫొటో. కుడి పేజీకి శీర్షిక: సాయిలు తాగలేదు. దాని కింద మల్లేశ్ రాసిన కథనం, పెద్ద అక్షరాల్లో. అడుగున సైటు పటం గీశాను. డ్రమ్ము ఎక్కడ, టాంకరు ఎక్కడ, అతను పడింది ఎక్కడ, పడుకోబెట్టిన షెడ్డు ఎక్కడ. అయ్యో అనే మాట గానీ, పాపం అనే మాట గానీ ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు. నా ఉద్యోగజీవితం మొత్తంలో అంత నికార్సైన పేజీలు నేను మళ్లీ పెట్టలేదు.

రాఘవరావుగారి మజ్జిగ

పేజీల నకలు చూసి రాఘవరావుగారు స్వయంగా వచ్చారు, ఓబులరెడ్డిగారిని వెంటబెట్టుకుని.

"ఏమ్మా, ఇది పత్రికా, పోలీసు పంచనామానా?"

"జరిగింది వేశామండీ."

"వద్దనడం లేదమ్మా. లోపలెక్కడో చిన్నగా వెయ్యండి. మధ్య పేజీల్లో ఎండాకాలం జాగ్రత్తలు వేద్దాం. అందరికీ పనికొచ్చేది. మా ఆవిడ రాసిచ్చింది కూడానూ."

కాగితం చేతికిచ్చారు. మిట్టమధ్యాహ్నం బయటికి రావద్దు. గొడుగు లేకుండా వెళ్లవద్దు. పల్చటి మజ్జిగ తరచుగా తాగాలి. నూలు బట్టలు కట్టుకోవాలి. అలసటగా ఉంటే నీడలో విశ్రాంతి తీసుకోవాలి.

చదివి, "సాయిలు ఇవి తెలియక పోయాడంటారా?" అని అడిగాను.

"అలా వితండం చెయ్యకండమ్మా. ఎండ ప్రకృతి. దానికి పేదా గొప్పా తేడా ఉండదు."

"ఎండకు ఉండదండీ. నీడకు ఉంది."

ఆయన ముఖం ఎర్రబడింది. ఇక నాతో మాట్లాడటం మానేసి ఓబులరెడ్డిగారి వైపు తిరిగారు. అక్కడ అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. కాలనీ కమ్యూనిటీ హాలుకు పైకప్పు వేసిపెడతానని ఒప్పుకున్నది సాయిలు పనిచేసిన సైటు కాంట్రాక్టరే. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ఓబులరెడ్డిగారు నేల చూపులు చూస్తూ అన్నారు.

"పత్రిక బతకల్ల గదమ్మా. ఈ తూరికి సర్దుకో. వచ్చే నెల పెద్దగా ఏస్తాం."

"వచ్చే నెల వానలు పడతాయండీ. అప్పుడు వడదెబ్బ గురించి ఎవరు చదువుతారు?"

ఆ పేజీలు మార్చడం నావల్ల కాదని చెప్పేశాను. వాళ్లు వేరేచోట చేయించుకున్నారు.

పిల్లలూ, ఈ వృత్తిలో మీకు రాఘవరావులు తారసపడతారు. వాళ్లతో పేచీ లేదు, వాళ్లకేం కావాలో ముఖం మీదే తెలిసిపోతుంది. నాకు ఇప్పటికీ కోపం తగ్గనిది "వచ్చే నెల" అనేవాళ్ల మీద. మంచివాళ్లు, చదువుకున్నవాళ్లు, కరువు చూసినవాళ్లు. వాళ్లు తల దించుకున్న ఆ ఒక్క క్షణంలోనే పేజీలోంచి మనిషి మాయమవుతాడు. మాయం చేసింది మాత్రం తాము కాదనుకుంటారు.

గోడ మీదికి

సంచిక వచ్చింది. మధ్య పేజీల్లో గొడుగు పట్టుకున్న అందమైన అమ్మాయి బొమ్మ, చుట్టూ జాగ్రత్తలు. వెనక ఎక్కడో యోగా తరగతుల ప్రకటన పక్కన నాలుగు ముక్కల వార్త: గుండెపోటుతో కార్మికుడి మృతి. ఫొటో లేదు. పేరు కూడా సాయిరాం అని పడింది.

మల్లేశ్ దాన్ని అడ్డాకు పట్టుకెళ్లి, ఏమీ దాచకుండా మధ్య పేజీలు పైకి చదివాడు. నేనూ ఉన్నాను. మజ్జిగ దగ్గర కొందరు నవ్వారు. మిట్టమధ్యాహ్నం బయటికి రావద్దు అన్నచోట ఒకాయన, "మేం రాకుంటే వాళ్ల బిల్డింగు ఎవలు కడతరు సార్?" అన్నాడు. దానికి ఎవరూ నవ్వలేదు.

అంజమ్మ గుంపులోంచి నా దగ్గరికి వచ్చింది.

"ఏదమ్మా ఆయన ఫొటో?"

"నా దగ్గరే ఉంది. పేజీలు కూడా ఉన్నాయి."

"మరి బయటికి తియ్యవా?"

బాలానగర్‌లో ఫ్యాక్టరీలకు బోర్డులు అచ్చువేసే ఒక షెడ్డు మల్లేశ్‌కు తెలుసు. ఆ రెండు పేజీలనూ పక్కపక్కన చేర్చి ఒకే గోడపత్రికగా మార్చాను. అచ్చుకు ఇచ్చే ముందు ఓబులరెడ్డిగారు మా సెంటరు మెట్లెక్కి వచ్చారు. ఆయాసపడుతూ కూర్చున్నారు.

"కింద సంపాదకుడని నా పేరెయ్యమ్మా. రేపు ఎవురన్నా అడిగితే మీమీదికి రాకూడదు."

"ఆ పేరు పత్రికలోనే నిలబెట్టి ఉంటే బాగుండేదండీ."

"అవును," అన్నారు. ఆయన పేరు వేశాను.

తెల్లవారుతుండగా మైదా జిగురుతో అంటించాం. అడ్డా గోడకు, కమ్యూనిటీ హాలు గేటుకు, సైటు చుట్టూ ఉన్న రేకుల కంచె పొడవునా. ఎండెక్కేసరికి సైటు మనుషులు కంచె మీదవి చింపేశారు. కానీ అప్పటికే పనిలోకి వెళ్లేవాళ్లందరూ ఆ కంచె పక్కగా నడిచి లోపలికి వెళ్లారు.

ఆ మధ్యాహ్నం చువ్వలు కట్టేవాళ్లు చేతిలో పని చేతిలోనే వదిలి కిందికి దిగారు. సెల్లారులో నీడన కూర్చున్నారు. మేస్త్రీ బూతులు తిట్టాడు. ఎవరూ లేవలేదు. కాంట్రాక్టరు కారు వేసుకుని వచ్చాడు. ఏం కావాలని అడిగాడు. డ్రమ్ము పైన పెట్టాలన్నారు, దాని మీద పందిరి వేయాలన్నారు, ఎండ దిగేదాకా పని ఆపాలన్నారు. స్లాబు పాడైపోతుందన్న కంగారులో అన్నిటికీ సరేనన్నాడు. అప్పుడు అంజమ్మ మేస్త్రీ ముందుకు వచ్చి నిలబడింది.

"తాగిండన్నవ్ గద. అందరి ముంగట చెప్పు, తాగలేదని."

మేస్త్రీ కాంట్రాక్టరు వైపు చూశాడు. కాంట్రాక్టరు గడియారం చూసుకుంటున్నాడు.

"తాగలే," అన్నాడు మేస్త్రీ.

"పేరు వెట్టి చెప్పు."

"సాయిలు తాగలే."

ఇది మల్లేశ్ చెబితే విన్నాను, ఆ సమయంలో నేను లేను. ఉండి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

గెలిచామని మాత్రం అనుకోకండి. దవాఖాన కాగితంలో గుండెపోటు గుండెపోటుగానే ఉండిపోయింది. ఎవరికీ ఏ శిక్షా పడలేదు. సంఘం నన్ను పత్రిక నుంచి తప్పించింది. ఆవిడ ఎర్రజెండా మనిషండీ అని రాఘవరావుగారు కాలనీలో ప్రచారం చేశారు. ఓబులరెడ్డిగారు తనే మానుకున్నారు. "ఎండానీడా"లో ఊరగాయలు, ముగ్గులు కొన్నాళ్లు వచ్చి, తర్వాత అదీ ఆగిపోయింది. కమ్యూనిటీ హాలుకు పైకప్పు మాత్రం పడింది. మంచి చల్లటి హాలు.

మరుసటి ఎండాకాలం

మరుసటి ఏడు అదే కాంట్రాక్టరు పక్కనే ఇంకో భవనం మొదలుపెట్టాడు. పోయినేడు కూర్చున్నవాళ్లలో ఒక్కరిని కూడా పనిలోకి తీసుకోలేదు. వేరే రాష్ట్రం నుంచి కుర్రాళ్లను దింపాడు. వాళ్లకు తెలుగు రాదు. డ్రమ్ము మళ్లీ ఎండలోకి వచ్చింది. మధ్యాహ్నం విరామం పోయింది. మాలు మోయడానికి ఆడవాళ్లు దొరక్క అంజమ్మను మాత్రం పిలిచారు. ఇంట్లో పిల్లలున్నారు, ఆమె వెళ్లింది.

ఇంకో గోడపత్రిక వేద్దాం అన్నాడు మల్లేశ్. ఏ భాషలో వేయాలో నాకు తెలియలేదు. అన్నేళ్లు అక్షరం సైజు గురించి పోట్లాడినదాన్ని, అక్షరమే పనికిరాని చోట నిలబడ్డాను. ఆ కుర్రాళ్లది ఏ ఊరో, ఏ లిపి చదువుతారో కనుక్కుందామని ఇద్దరం సైటుకు వెళ్లాం. గేటు దగ్గర ఆపేశారు. కంచె సందులోంచి చూస్తూ నిలబడ్డాం.

స్లాబు పడుతోంది. ఎండ నెత్తి మీద ఉంది. వరుసలో తట్ట చేతులు మారుతోంది. అంజమ్మ వంతు వచ్చింది. ఆమె తట్ట అందుకోలేదు. తలమీది చుట్టకుదురు తీసి, కంచె పక్కనే ఉన్న సెల్లారు నీడలో వేసుకుని దాని మీద కూర్చుంది. వరుస ఆగిపోయింది.

మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. పోయినేటి మేస్త్రీయే.

"ఏందే, కూసున్నవ్? స్లాబు నడుస్తలేదా?"

"ఎండ దిగినంక వస్త."

"ఎవడు చెప్పిండు నీకు కూసోమని?"

"మా ఆయన చెప్పిండు."

పైనున్న కుర్రాళ్లకు ఒక్క ముక్కా అర్థమై ఉండదు. చువ్వలు వదిలి, అంచు దాకా వచ్చి కిందికి చూశారు. ఒకడు నిచ్చెన దిగాడు. చేతికి చుట్టుకున్న గోనెగుడ్డ విప్పుకుంటూ వచ్చి ఆమెకు కాస్త ఎడంగా కూర్చున్నాడు. ఇంకొకడు దిగాడు. తర్వాత వరుసగా అందరూ దిగారు.

మిక్సరు యంత్రం కాసేపు ఖాళీగా తిరుగుతూనే ఉంది. తర్వాత దాన్ని కూడా ఎవరో ఆపేశారు.